బ్యాండ్ సా, రందా మిషను, లేతు: బరువైన వడ్రంగి యంత్రాల తరలింపుకూ బిగింపుకూ ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఒక బ్యాండ్ సా, అంటే రెండు చక్రాల మీద తిరిగే పట్టీ రంపం, కొనే ముందు మనం నెలల తరబడి ఆలోచిస్తాము, నలుగురు మేస్త్రీలను అడుగుతాము, రెండు మూడు ఊళ్లు తిరిగి చూసి వస్తాము. అదే యంత్రాన్ని లారీ మీద నుంచి దించి కార్ఖానాలో నిలబెట్టే పనికి మాత్రం లారీ వచ్చి గుమ్మం ముందు ఆగిన తరువాతే మనుషుల కోసం వెతుకుతాము. వడ్రంగి యంత్రాలతో జరిగే ప్రమాదాలంటే అందరికీ రంపం పళ్లే గుర్తుకు వస్తాయి కానీ, ఇంకా కరెంటు కూడా ఇవ్వని యంత్రం కాలి మీద పడి మనిషిని మంచాన పడేసిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసినవే. చిన్న, మధ్య తరహా ఫర్నిచర్ కార్ఖానా నడిపేవారి కోసం, అంటే అర టన్ను నుంచి టన్నున్నర దాకా బరువుండే యంత్రాలు మూడు నాలుగు ఉన్నవారి కోసం, దొరికే పద్ధతులను పక్కపక్కన పెట్టి ఏది ఎప్పుడు మంచిదో ఇక్కడ రాస్తున్నాను.

నా అనుభవంలో చాలామంది ప్రశ్నలను తలకిందులుగా వేసుకుంటారు. ముందు యంత్రాన్ని ఎలాగో లోపలికి తెచ్చి, ఆ తరువాత దాన్ని నేలకు ఎలా బిగించాలా అని ఆలోచిస్తారు. ఎలా బిగిస్తామో ముందు తేల్చుకుంటేనే ఎలా తేవాలో తేలుతుంది. ఉదాహరణకు, కాంక్రీటులో ముందే నిలబెట్టిన ఫౌండేషన్ బోల్టులు నేల మీదికి మూడు అంగుళాలు పొడుచుకు వచ్చి ఉంటే, యంత్రాన్ని పైపుల మీద దొర్లించుకుంటూ వచ్చి అక్కడ దించలేము. దాన్ని పైకెత్తి, బోల్టుల మీదికి తెచ్చి, నిలువుగా కిందికి దించాలి. అంటే చైన్ పుల్లీ (గొలుసు లాగి బరువు ఎత్తే సాధనం) తప్పదు. అదే, యంత్రం తన స్థానంలో కూర్చున్న తరువాత దాని పాదంలోని రంధ్రం గుండానే డ్రిల్లు వేసి బిగించే యాంకర్ బోల్టులయితే పైపులూ ప్యాలెట్ ట్రక్కూ (రెండు ఫోర్కులతో బరువును కాస్త లేపి చేత్తో లాగే బండి) సరిపోతాయి.

బరువు కన్నా ముందు చూడవలసినది

యంత్రం ఎన్ని కిలోలని అడగడం అవసరమే, కానీ ఆ బరువు ఏ ఎత్తులో ఉందన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. పాఠ్యపుస్తకాలు గరిమనాభి అని చెప్పే బిందువు, అంటే యంత్రం బరువంతా ఒక్కచోట పోగైనట్లు లెక్కించుకోదగిన చోటు, పాదం అంచు దాటి బయటికి పోయిన క్షణంలో యంత్రం పడిపోతుంది. పాదం వెడల్పు 600 మి.మీ. ఉండి గరిమనాభి 900 మి.మీ. ఎత్తులో ఉన్న బ్యాండ్ సా దాదాపు 18 డిగ్రీలు ఒరిగితే చాలు, ఇక మనుషులు ఆపలేరు. పాదం 700 మి.మీ., గరిమనాభి 450 మి.మీ. ఎత్తులో ఉన్న థిక్‌నెస్ మిషను (కర్రను ఒకే మందానికి చెక్కే యంత్రం) పడాలంటే 37 డిగ్రీలకు పైగా ఒరగాలి. రెండూ ఒకే బరువు కావచ్చు, అయినా మొదటిది రెండవదానికన్నా ఎన్నో రెట్లు ప్రమాదకరం. బ్యాండ్ సాలో పైచక్రం, దాని ఇరుసు, దాన్ని మోసే పోత ఇనుప చెయ్యి అన్నీ మనిషి తలకన్నా ఎత్తులో ఉంటాయి. ఆ పైన మోటారు పాదానికి ఒక పక్కగా వేలాడుతూ ఉంటే గరిమనాభి మధ్యలో కూడా ఉండదు. కాబట్టి మోటారు ఉన్న వైపు ఎప్పుడూ తక్కువ కోణానికే ఒరిగిపోతుంది.

ఈ లెక్క నాకు ఆలస్యంగా అర్థమయింది. మా షెడ్డులోకి మొదటి బ్యాండ్ సా తెచ్చిన రోజున గుమ్మం దగ్గర రెండు అంగుళాల గడప ఉంది. హమాలీల మేస్త్రీ, “ఒక్క పట్టు పడితే వచ్చేస్తుంది సార్” అని ఒక పక్క గడ్డపార వేసి ఎత్తాడు. ఎత్తింది రెండు అంగుళాలే, కానీ రెండో పక్కన ఉన్న పైపు అదే సమయంలో దొర్లి, ఒక పక్క ఎత్తూ రెండో పక్క పల్లమూ కలిసి యంత్రం తల గోడ వైపు ఊగింది. గోడ అక్కడ ఉండడం వల్ల మాత్రమే ఆగింది. గోడకూ యంత్రానికీ మధ్య ఆ క్షణంలో మనిషి లేకపోవడం మా జాగ్రత్త వల్ల కాదు. ఆ రోజు నుంచి గడపలున్న చోట మొదట ఏటవాలు పలక వేయకుండా ఏ యంత్రాన్నీ కదిలించలేదు.

మనుషులు, పైపులు, ప్యాలెట్ ట్రక్కు, చైన్ పుల్లీ, హైడ్రా

మన ఊళ్లలో మొదట గుర్తుకు వచ్చేది హమాలీలే. మనిషి ఎత్తదగిన బరువుకు ఒక హద్దు ఉందన్నది మరచిపోకూడదు: అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన 128వ సిఫార్సు, వయోజనుడైన మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకుండా చూడాలని చెబుతుంది. ఆ లెక్కన 800 కిలోల యంత్రాన్ని ఎత్తడానికి పదిహేను మంది కావాలి. మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు ఉన్న పాదం చుట్టూ పదిహేను మంది నిలబడే చోటే లేదు. ఎనిమిది మందితో ఎత్తించడమంటే ఒక్కొక్కరి నడుము మీద వంద కిలోలు పెట్టడమే. పైగా బరువు ఎప్పుడూ సమానంగా పంచుకోబడదు. ఒకరు పట్టు వదిలితే పక్కవాడి మీద పడుతుంది. 150 కిలోలు దాటిన యంత్రాన్ని చేతులతో ఎత్తించే పద్ధతిని పోలికలోకి తీసుకోవడమే నాకు ఇష్టం లేదు. హమాలీల నైపుణ్యం ఎత్తడంలో కన్నా దొర్లించడంలో ఎక్కువ ఉంది, దానికే వారిని పిలవాలి.

పైపుల మీద దొర్లించడం అన్నిటికన్నా పాత పద్ధతి. సమతలమైన గట్టి నేల మీద ఇప్పటికీ నా మొదటి ఎంపిక అదే. ఉక్కును గచ్చు మీద ఈడ్చాలంటే యంత్రం బరువులో దాదాపు సగం బలం కావాలి. మంచి పైపుల మీద అదే యంత్రం బరువులో రెండు మూడు శాతం బలంతో కదులుతుంది. యంత్రం నేలకు అంగుళంన్నర, రెండు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఏదైనా తప్పు జరిగినా అది పడే దూరం తక్కువ. అయితే పోత ఇనుప పాదాన్ని నేరుగా పైపుల మీద పెట్టకూడదు. నాలుగు అంగుళాల తుమ్మ దూలాలు రెండు తీసుకుని, ముందూ వెనుకా అంచులను కిందివైపు ఏటవాలుగా చెక్కి, వాటి మీద యంత్రాన్ని దాని పాదపు రంధ్రాల గుండానే బోల్టులతో బిగిస్తే పడవలాంటి బల్ల తయారవుతుంది. ఆ దూలాలను యంత్రం పాదం కన్నా రెండు పక్కలా ఒక జానెడు బయటికి ఉండేటట్లు వేస్తే, పైన చెప్పిన 18 డిగ్రీల హద్దు కూడా పెరుగుతుంది. బ్యాండ్ సాకు ఇది తప్పనిసరి అంటాను. పైపులు మందమైన రకానివి, అన్నీ ఒకే వ్యాసం ఉన్నవి కావాలి. యంత్రం కింద ఎప్పుడూ కనీసం మూడు ఉండాలి. పైపు దారి తప్పితే సుత్తితో తట్టి సరిచేయాలి తప్ప చేతితో గానీ కాలితో గానీ జరపకూడదు. వేళ్లు పోయేది అక్కడే.

పైపుల బలహీనత ఏటవాలు నేల. 800 కిలోల యంత్రం 20 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న చోట దాదాపు 40 కిలోల బలంతో కిందికి లాగుతుంది. ఇద్దరు మనుషులు ఆపగలరు. 8 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న ర్యాంపు మీద అదే యంత్రం దాదాపు 100 కిలోల బలంతో జారుతుంది, ఒకసారి కదిలితే ఎవరూ ఆపలేరు. అటువంటి చోట చైన్ పుల్లీని పడుకోబెట్టి, గట్టి స్తంభానికి కట్టి, గొలుసు వదులుకుంటూ దించాలి లేదా లాక్కుంటూ ఎక్కించాలి. యంత్రానికి దిగువన ఎవరూ నిలబడకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

ప్యాలెట్ ట్రక్కు పైపులకన్నా నాగరికంగా కనిపిస్తుంది, పని త్వరగా అవుతుంది, ఒక్క మనిషి లాగగలడు. సాధారణంగా దొరికేవి రెండున్నర టన్నుల వరకు మోస్తాయి కాబట్టి బరువు సమస్య కాదు. రందా మిషను, థిక్‌నెస్ మిషను, సర్క్యులర్ సా వంటి పొట్టి యంత్రాలకు, పలకలు అతకని నున్నటి కాంక్రీటు నేల మీద, దానికి మించినది లేదు. కానీ రెండు సంగతులు గమనించాలి. దాని ఫోర్కుల బయటి వెడల్పు చాలావాటిలో 550 మి.మీ. మాత్రమే, ముందు వైపు రెండు చిన్న చక్రాలు దూరదూరంగా ఉన్నా, హ్యాండిల్ వైపు చక్రాలు మధ్యలో దగ్గరదగ్గరగా ఉంటాయి. అంటే బరువును మోసే ఆధారం చతురస్రం కాదు, ఇంచుమించు త్రిభుజం. ఎత్తయిన యంత్రాన్ని హ్యాండిల్ వైపు బరువు పడేటట్లు పెడితే, తన సొంత పాదం మీద నిలబడ్డప్పటి కన్నా ట్రక్కు మీద అది తక్కువ కోణానికే ఒరిగిపోతుంది. రెండవది, ఆ చిన్న చక్రాలు అర అంగుళం ఎత్తు మీద కూడా టక్కున ఆగిపోతాయి, యంత్రం మాత్రం ఆగదు. మామూలు చేతి ట్రక్కుకు బ్రేకు ఉండదు కనుక ర్యాంపు మీదికి దాన్ని తీసుకుపోనే కూడదు.

చైన్ పుల్లీ నిలువుగా ఎత్తడానికీ దించడానికీ తిరుగులేనిది, నిదానంగా పనిచేస్తుంది, ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతుంది. పుల్లీ దేనికి వేలాడుతుందన్నదే దానిలో అసలు ప్రశ్న. రేకుల షెడ్డు ట్రస్సు (పైకప్పును మోసే చట్రం) గాలికీ రేకుల బరువుకీ లెక్కగట్టినది. మధ్యలో ఒకే చోట టన్ను వేలాడదీయడానికి కాదు. శ్లాబుకున్న ఫ్యాను కొక్కెం సంగతి ఇక చెప్పనక్కరలేదు, అయినా దానికి పుల్లీ తగిలించడం నా కళ్లతో చూశాను. మూడు మందమైన పైపులతో చేసిన ముక్కాలి స్టాండు అద్దెకు దొరుకుతుంది. దాని కాళ్లు జారి విచ్చుకోకుండా మూడింటినీ కింద గొలుసుతో కలిపి కట్టాలి. ముక్కాలి కింద యంత్రాన్ని నిలువుగా ఎత్తవచ్చు, దించవచ్చు. పక్కకు మాత్రం లాగకూడదు.

హైడ్రా క్రేను లారీ నుంచి గుమ్మం దాకా మంచి ఎంపిక. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల గంట లెక్కన దొరుకుతుంది. కానీ పన్నెండు అడుగుల ఎత్తున్న షెడ్డు లోపలికి దాని బూము (బరువెత్తే పొడవాటి చెయ్యి) రాదు కనుక గుమ్మం నుంచి లోపలికి ఎలాగూ పైపులో ట్రక్కో కావాలి. యంత్రాన్ని వేలాడదీసుకుని క్రేను నడుస్తుంటే యంత్రం ఊగుతుంది. దానికి రెండు వైపులా తాళ్లు కట్టి దూరం నుంచి పట్టుకోవాలి, చేతులతో ఆపబోకూడదు. వీధిలో కరెంటు తీగలు దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖ దగ్గర ఎల్.సి. (ఆ లైనులో కరెంటు ఆపినట్లు ఇచ్చే అనుమతి) తీసుకున్న తరువాతే బూము లేపాలి. డబ్బు తక్కువ ఉండి ఒకే ఖర్చు పెట్టగలిగితే, దించడానికి క్రేను మీద పెట్టండి, లోపలి పని పైపులతో కానివ్వండి. ఎందుకంటే లారీ బల్ల నుంచి నేలకున్న నాలుగు అడుగుల ఎత్తు ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు, అక్కడ దుంగలు ఆనించి జార్చడమన్నది ఎన్నిసార్లు సఫలమైనా నేను ఒప్పుకోని పద్ధతి. వాహనం ఎంచుకునేటప్పుడు కూడా, టాటా ఏస్ వంటి చిన్న ట్రక్కు మోసే బరువు సుమారు ముప్పావు టన్నేనని గుర్తుంచుకుంటే 800 కిలోల బ్యాండ్ సా దాని మీద ఎక్కించరు. ఎత్తయిన యంత్రానికి డీసీఎం వంటి వెడల్పు బల్ల ఉన్న బండే సరి.

పట్టీ ఎక్కడ వేయాలి, ఏ కోణంలో

పాలియెస్టర్ పట్టీలూ, ఉక్కు తాడూ, గొలుసూ ఈ మూడింటిలో రంగు వేసిన, నునుపు పట్టిన వడ్రంగి యంత్రాలకు పట్టీలే మేలు. వాటి రంగే వాటి బలం చెబుతుంది: ఊదారంగు ఒక టన్ను, ఆకుపచ్చ రెండు టన్నులు, పసుపు మూడు టన్నులు. ఆ బలం నిలువుగా లాగినప్పటి లెక్క. రెండు కాళ్లుగా విడదీసి కట్టినప్పుడు వాటి మధ్య కోణం పెరిగినకొద్దీ ఒక్కొక్క కాలి మీద పడే లాగుడు పెరుగుతుంది. 600 కిలోల యంత్రానికి మధ్య కోణం 60 డిగ్రీలయితే ఒక్కొక్క కాలి మీద దాదాపు 350 కిలోలు, 90 డిగ్రీలయితే 425, 120 డిగ్రీలయితే ఏకంగా 600 కిలోలు పడతాయి. పట్టీ పొట్టిగా ఉందని లాగి కట్టడం ఎంత తప్పో దీన్ని బట్టి తెలుస్తుంది. పోత ఇనుము అంచులు పట్టీని కోస్తాయి కనుక ప్రతి మూల దగ్గరా మందపాటి రబ్బరో మడిచిన గోనెసంచో పెట్టాలి.

రందా మిషను బల్లల చివరలకు పట్టీ వేసి ఎత్తడం మన దగ్గర చాలా మామూలుగా జరిగే పొరపాటు. ఆ బల్లలు పొడవుగా చాచిన చేతుల వంటివి. వాటి మీద యంత్రం బరువంతా వేస్తే బల్లలు జారే గాడులు వంగి, రెండు బల్లలు మళ్లీ ఒకే మట్టానికి రావడానికి రోజులు పడుతుంది, కొన్నిసార్లు రానే రావు. పట్టీ పాదం కింద నుంచి పోవాలి. బ్యాండ్ సాకు చక్రాలనూ బల్లనూ పట్టించుకోకుండా, ఫ్రేము పైభాగంలో ఐ బోల్టు (తలకు రింగు ఉన్న బోల్టు) ఉంటే దానికీ, లేకుంటే ఫ్రేము మెడ కిందికీ వేయాలి. కట్టర్ బ్లాకు (కత్తులు బిగించి ఉండే, తిరిగే దిమ్మ) ఇరుసుకు పట్టీ తగలనే కూడదు. యంత్రాన్ని మొదట ఒక అంగుళం మాత్రమే లేపి, ఎటు ఒరుగుతుందో చూసి, దించి, పట్టీ జరిపి, మళ్లీ లేపాలి. ఈ అయిదు నిమిషాలు ఎవరూ తొందరపెట్టకూడని అయిదు నిమిషాలు.

విడదీసి తేవడమా, మొత్తంగా తేవడమా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా ఉంటుంది: బ్యాండ్ సాలో బల్ల, మోటారు, పైచక్రం తీయగలిగితే తీయండి, ఎందుకంటే పైన ఉన్న బరువు తగ్గితే గరిమనాభి కిందికి దిగుతుంది. థిక్‌నెస్ మిషనులో, రందా మిషనులో కత్తులు తప్ప ఏదీ తీయకండి. వాటిలో అమరిక పోగొట్టుకోవడం వల్ల కలిగే నష్టం తగ్గే బరువుకన్నా ఎక్కువ.

నేల మోస్తుందా, బోల్టు పట్టుకుంటుందా

మన కార్ఖానాలలో నేలలు మూడు రకాలుగా కనిపిస్తాయి: కాంక్రీటు గచ్చు, తాండూరు లేదా కడప బండలు, మేడ మీది శ్లాబు. మేడ మీద యంత్రం పెట్టాలనుకునేవారు ఒక అంకె తెలుసుకోవాలి. ఇళ్ల గదుల శ్లాబుకు భారత ప్రమాణం ఐ.ఎస్. 875 రెండవ భాగం చెప్పే లైవ్ లోడు (మనుషులు, సామాను వంటివాటి బరువు) చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. చదరపు మీటరు కూడా లేని పాదం మీద 800 కిలోల యంత్రం, దాని పక్కన కర్రల దొంతరలు, అదురు, ఇవన్నీ ఆ లెక్కలో లేవు. ఇంజనీరు చూసి రాసివ్వకుండా ఇంటి శ్లాబు మీద పెద్ద యంత్రం వద్దు.

బండల నేల వేరే రకంగా మోసగిస్తుంది. చూడటానికి రాయి, గట్టిగా ఉంటుంది, డ్రిల్లు వేస్తే బోల్టు బిగుస్తుంది కూడా. కానీ ఆ బండ అంగుళం, అంగుళంన్నర మందం మాత్రమే. దాని కింద ఇసుకో సున్నమో తప్ప ఏమీ లేదు. ఒక లేతును అలా తాండూరు బండలకు బిగించిన చోట, వంకర దుంగ తిప్పడం మొదలుపెట్టిన మూడో రోజుకు బోల్టులతో సహా రెండు బండలు నేల నుంచి లేచి లేతుతో పాటు ఊగడం చూశాను. బోల్టు ఊడలేదు, బిగింపు చక్కగానే ఉంది; అది పట్టుకున్న వస్తువే నేలను పట్టుకోలేదు. బండల నేల ఉన్నవారు యంత్రం పాదం మేర బండలు కోసి తీసి, కనీసం అడుగున్నర తవ్వి, కింద గట్టిగా దిమ్మిస చేసి, కడ్డీ వల వేసి కాంక్రీటు దిమ్మ పోసుకోవాలి. తిరిగే యంత్రాలకు దిమ్మ బరువు యంత్రం బరువుకు రెండు మూడింతలు ఉండాలన్నది పాతకాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క. 1.2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 0.6 మీటరు లోతున్న దిమ్మ దాదాపు 1,700 కిలోలుంటుంది. 800 కిలోల బ్యాండ్ సాకు అది సరిపోతుంది. కాంక్రీటు పూర్తి బలానికి 28 రోజులు పడుతుంది. యంత్రం కొన్న రోజు కాదు, కొనాలని నిశ్చయించుకున్న రోజే దిమ్మ పోయడం మొదలుపెట్టాలి.

బిగించే పద్ధతుల పోలిక

ఏ బోల్టూ లేకుండా యంత్రం తన బరువు మీదే నిలబడదా అని అడిగేవారున్నారు. పెద్ద థిక్‌నెస్ మిషను నిలబడుతుంది. కర్ర దాని గుండా అడ్డంగా పోతుంది, బరువు కింద ఉంటుంది. అయినా అదురుకు అది నెలకు కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది, దుమ్ము లాగే పైపు అతుకు ఊడుతుంది. బ్యాండ్ సాకు, లేతుకు, పెద్ద దుంగ తోసే ఏ యంత్రానికీ ఈ మార్గం లేదు.

రబ్బరు మౌంట్లు ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చాయి. నేలలో రంధ్రం అక్కరలేదు, మట్టం సరిచేసుకునే బోల్టు వాటికే ఉంటుంది, అద్దె షెడ్డువారికి అనువు. ఎంచుకునేటప్పుడు అమ్మేవారు చెప్పని ఒక సంగతి ఉంది. రబ్బరు తన సొంత ఊగుడు వేగం కన్నా బాగా ఎక్కువ వేగంతో వచ్చే అదురునే నేలకు పోకుండా ఆపుతుంది. దగ్గరి వేగంతో వచ్చే అదురును ఆపకపోగా పెంచుతుంది. రందా మిషను కట్టర్ బ్లాకు నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే అది సెకనుకు 67 అదుర్లు. సెకనుకు పది ఇరవై సార్లు ఊగే రబ్బరు మౌంట్లు దాన్ని చక్కగా మింగుతాయి. 36 అంగుళాల చక్రాల బ్యాండ్ సాలో రంపపు పట్టీ సెకనుకు 25 మీటర్లు పరిగెత్తినా చక్రం తిరిగేది సెకనుకు తొమ్మిది చుట్లలోపే. చక్రంలో కొంచెం తూకం తేడా ఉంటే చాలు, రబ్బరు మీద యంత్రం తల ఊయలలా ఊగుతుంది, కోత గీత వంకర పోతుంది. గుండ్రం చేయని దుంగను నెమ్మదిగా తిప్పే లేతుది కూడా ఇదే కథ. కాబట్టి రబ్బరు రందా, థిక్‌నెస్, సర్క్యులర్ సాలకు. గట్టి బిగింపు బ్యాండ్ సాకూ లేతుకూ.

గట్టి బిగింపులలో ఎక్స్‌పాన్షన్ యాంకర్, అంటే బిగించినకొద్దీ రంధ్రంలో విచ్చుకుని పట్టే బోల్టు, చవకైనది, ఆ రోజే పని అయిపోతుంది. 12 మి.మీ. బోల్టుకు సాధారణంగా 70, 80 మి.మీ. లోతు కావాలి కనుక కనీసం అయిదు అంగుళాల మంచి కాంక్రీటు ఉండాలి. విచ్చుకునే ఒత్తిడికి అంచులు పగులుతాయి. దిమ్మ అంచుకు బోల్టు వ్యాసానికి పదింతల దూరం, అంటే 12 మి.మీ. బోల్టుకు 120 మి.మీ. వదలాలి. పాత గచ్చులో ఇది నమ్మదగినది కాదు. అద్దె షెడ్డులో కాంక్రీటు బాగుంటే డ్రాప్-ఇన్ రకం వాడండి. యంత్రం తీసిన తరువాత నేల మీద ఏదీ పొడుచుకుని ఉండదు.

కెమికల్ యాంకర్ రంధ్రం గోడలకు జిగురులా అతుక్కుంటుంది, కాంక్రీటును విచ్చదీయదు, అంచులకు దగ్గరగానూ అదురు ఎక్కువ ఉన్న చోటా ఇదే మేలు. దాని బలమంతా రంధ్రం శుభ్రంలో ఉంది: ఊదాలి, బ్రష్షుతో రుద్దాలి, మళ్లీ ఊదాలి, మరోసారి రుద్దాలి. దుమ్ము మిగిలితే జిగురు కాంక్రీటుకు కాక దుమ్ముకు అంటుకుంటుంది. మన వేసవి ఎండల్లో అది కొన్ని నిమిషాల్లోనే గట్టిపడుతుంది, కనుక ఉదయం పూట, ఒక్కొక్క రంధ్రం చొప్పున చేయాలి. ట్యూబు మీద రాసిన గడువు పూర్తి కాకుండా నట్టు తాకకూడదు.

సొంత షెడ్డు, కొత్త దిమ్మ ఉన్నవారికి ఫౌండేషన్ బోల్టులే నా సలహా. దిమ్మ పోసేటప్పుడు బోల్టుల చోట నాలుగు అంగుళాల చదరపు గుంటలు వదిలి, యంత్రాన్ని దాని పాదానికి వేలాడే బోల్టులతో సహా దించి, మట్టం చూసుకుని, గుంటల్లో నాన్-ష్రింక్ గ్రౌటు పోయాలి. మామూలు సిమెంటు ఆరేటప్పుడు ముడుచుకుని బోల్టు చుట్టూ సందు వదులుతుంది. ఈ పద్ధతిలో బోల్టుల కొలత తప్పే ప్రసక్తి లేదు, ఎందుకంటే యంత్రమే వాటి చోటు చూపిస్తుంది. నిలువుగా దించాలి కాబట్టి చైన్ పుల్లీ కావాలన్నది మొదట్లోనే చెప్పాను.

మట్టం, కరెంటు

బోల్టు బిగించడం అంటే యంత్రాన్ని నేలకు లాగి కూర్చోబెట్టడం కాదు. నాలుగు పాదాల్లో ఒకటి నేలకు ఒక మిల్లీమీటరు పైన ఉంటే, నట్టు తిప్పి దాన్ని కిందికి లాగినప్పుడు పోత ఇనుప ఫ్రేము మెలిపడుతుంది; రందా మిషను బల్లలు అడ్డంగా తిరిగి, జతపరచిన పలకల మధ్య సందు వస్తుంది, మనమేమో కత్తులను అనుమానిస్తూ నెలలు గడుపుతాము. రసమట్టం బల్ల మీద పొడవునా, అడ్డంగా, రెండు మూలలా పెట్టి, లేచి ఉన్న పాదం కింద సరిపడే మందం ఉక్కు రేకులు దూర్చి, ఆ తరువాతే నట్లు బిగించాలి. చెక్క ముక్కలు దూర్చవద్దు, వానాకాలం ఉబ్బుతాయి, ఎండాకాలం కుంగుతాయి. నట్లు ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ మట్టం చూడాలి.

త్రీ ఫేజ్ మోటారుకు తీగలు మళ్లీ కలిపేటప్పుడు రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది. అందుకే బెల్టు తీసి, ఒక్క క్షణం స్విచ్చి వేసి, తిరిగే దిశ చూసిన తరువాతే బెల్టు ఎక్కించాలి. ఫ్రేముకు రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలి. ఫౌండేషన్ బోల్టు ఎర్త్ కాదు.

పని మొదలుపెట్టిన వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఇంకోసారి, యంత్రం ఆపి ప్రతి నట్టునూ పానా పెట్టి చూసి, రసమట్టం మళ్లీ బల్ల మీద పెట్టి చూడాలి. నట్టు ఒక చుట్టులో ఎనిమిదో వంతు వరకు తిరిగితే అది రేకులు సర్దుకోవడమే, బిగించి వదిలేయవచ్చు. అంతకన్నా ఎక్కువ తిరిగినా, బిగిస్తున్నకొద్దీ తిరుగుతూనే ఉన్నా, యాంకరు కాంక్రీటులో జారుతోందని అర్థం. ఆ యంత్రం మీద ఇంకొక్క కర్ర కూడా కోయకుండా ఆ బోల్టు తీసి, పక్కన కొత్త రంధ్రంలో కెమికల్ యాంకర్ వేయించుకోవాలి.